మూడు కూతలు, ఒక చెంబు పాలు

ఆ పొద్దున మా ముందుగదిలో ఉన్న మనుషులు: నాయన, నేను, నా భార్య సుమతి, పాత సామాన్లు కొనడానికి చిత్తూరు నుంచి ఆటో వేసుకుని వచ్చిన మనిషి. ఉన్న వస్తువులు: తెలుపు పోయి బిస్కెట్ రంగుకు తిరిగిన కంప్యూటర్ పెట్టె, వీపు పొడుగున్న పాత మానిటర్, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన అవ్వ చీర ముక్క, పాలు తూచే కాటా పళ్లెం, ఒకప్పుడు ఆ కాటాకూ కంప్యూటర్‌కూ మధ్య నడిచిన బూడిదరంగు తీగలు, గోడ అరలో బోర్లించిన ఇత్తడి చెంబు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన జాయ్‌స్టిక్. అవ్వ లేదు. ఆమె పోయి, పెద్దకర్మ కూడా అయిపోయింది. లేనివాళ్ల పేర్లు కూడా రాయాలంటే రెండో పేరు మా చిన్నాయనది. కానీ ఆయన లేడు అని రాయడం మా ఇంట్లో ఎప్పుడూ అంత సులభం కాలేదు.

సామాన్ల మనిషి పెట్టెను రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు. "ఇంగా పని చేస్తాదా అన్నా ఇది?" అని అడిగాడు.

"చేస్తాది. అదే కష్టం" అన్నాడు నాయన.

ఆ మనిషికి అర్థం కాలేదు. సుమతికీ కాలేదు. నాకు అర్థమై, పెట్టెను కింద పెట్టమని చెప్పి, స్క్రూలు విప్పి లోపలి హార్డ్ డిస్కు తీసుకున్నాను. జాయ్‌స్టిక్ కూడా తీసుకున్నాను. మిషన్ సామాన్లలో మిగిలినవి ఆటోలోకి పోయాయి. తిరుపతికి తిరిగి వచ్చేదాకా బస్సులో ఆ డిస్కు నా ఒడిలోనే ఉంది.

మా ఊరు పూతలపట్టు కూడలి నుంచి కాణిపాకం పోయే దారిలో, రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. నా చిన్నప్పుడు మా ముందుగదే ఊరి పాల సెంటర్. ఇల్లు అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ గది వాసన. పచ్చిపాల తీపి వాసన, క్యాన్లు కడిగిన నీళ్లలో నానిన గోనెపట్టా వాసన, నాయన పొద్దున్నే వెలిగించే సాంబ్రాణి, వాటన్నిటి కింద మూలలో చిన్నాయన సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే కాలిన బంక వాసన. పాలు పోసి పోయేవాళ్ల కాళ్లకు అంటుకున్న పేడ గడప దగ్గర ఎండిపోయి ఉండేది. అమ్మ దాన్ని రోజుకు రెండుసార్లు గీకి కడిగేది. మేము బడికి పోయే ముందు సంగటి, ఊరిబిండి పచ్చడి తినేది కూడా ఆ గది గడప మీద కూర్చునే. ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో పాలు ప్యాకెట్లో వస్తాయి. కత్తెరతో మూల కత్తిరించి గిన్నెలో పోస్తే ఏ వాసనా రాదు. సుమతి దాన్ని శుభ్రం అంటుంది. నేను కాదనలేను.

చిన్నాయన పేరు మునికృష్ణ. నాయన కంటే చాలా చిన్నవాడు. పెళ్లి కాలేదు. తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, చిత్తూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనికి పోయేవాడు. పాలలో వెన్న ఎంతుందో చూసే కరెంటు మిషన్ ఒకటి డెయిరీ వాళ్లు మా సెంటర్‌కు ఇచ్చారు. చెంచాడు పాలు పీల్చుకుని, కాసేపు గురగురలాడి, ఫ్యాట్ ఇంత అని అంకెల్లో చూపేది. నాయన ఆ అంకె ఒకటి, కాటా మీది అంకె ఒకటి చేత్తో రాసేవాడు. నాయన రాసే ఒకటి ఏడులా ఉంటుందని రోజూ గొడవ. ఆ గొడవ తీర్చడానికి చిన్నాయన షాపులో పక్కన పడేసిన భాగాలు ఏరుకొచ్చి ఒక కంప్యూటర్ చేశాడు. ఫ్యాట్ మిషన్‌నూ కాటానూ చీటీలు కొట్టే ప్రింటర్‌నూ ఒకే కార్డుకు తగిలించాడు. చిక్కల్లా ఆ కార్డుతోనే వచ్చింది. అది ఉందని కంప్యూటర్ ఒప్పుకునేది కాదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ లోపల ఉన్న యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలబడి ఎవరికి ఏది ఇవ్వాలో చూసే భాగాన్ని కెర్నల్ అంటారు. లినక్స్ అనే వ్యవస్థలో దాన్ని ఎవరైనా తమకు కావలసినట్టు కట్టుకోవచ్చు. కట్టే ముందు అది వేల ప్రశ్నలు అడుగుతుంది. ఈ రకం డిస్కు ఉందా, ఆ రకం కార్డు ఉందా, శబ్దం కావాలా, నెట్‌వర్క్ కావాలా. ఒక్కోదానికి అవును, కాదు అని చెప్పుకుంటూ పోవాలి. అందరి కోసం చేసి పెట్టిన కెర్నల్‌లో అన్నిటికీ అవును అని ఉంటుంది, కాబట్టి లేవడానికి ఆలస్యమవుతుంది. మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉండేది. వచ్చిన వెంటనే మిషన్ లేవకపోతే వాకిట్లో నిలబడ్డ పాలు ఆగవు. అందుకని చిన్నాయన తన కార్డుకు అవును అని పెట్టి, మాకు అక్కర్లేనివన్నీ కాదు అని తీసేస్తూ మళ్లీ మళ్లీ కట్టేవాడు. ఒక్కోసారి కట్టడానికి ఆ ముసలి మిషన్‌కు సగం రోజు పట్టేది.

"ఎందుకు చిన్నాయనా ఇన్నిసార్లు?" అని అడిగాను ఒకసారి.

"మనింటికి ఎవురొస్తారో వాళ్లకే గదరా సాప పరిసేది. ఊరందరికీ పరిస్తే మనం యాడ కూచోవాల?" అన్నాడు.

కంప్యూటర్‌కు ఒక పేరు పెట్టాల్సి వస్తే కపిల అని పెట్టాడు. కపిల అవ్వ ఆవు. అవ్వకు ఆ సంగతి తెలిసి మూతి తిప్పింది. "ఆవు పేరు పెట్టినావు సరే, పాలిస్తాదా అది?"

"పాలు లెక్కబెడ్తాది మా. ఇచ్చేదానికి నీ కపిల ఉండాది గదా."

ఇంకొక వివరం. ప్రతి కెర్నల్‌లోనూ దాన్ని ఎవరు కట్టారు, ఏ మిషన్ మీద కట్టారు, అది ఎన్నోసారి అనేది ఒక వరుసలో రాసుకుని ఉంటుంది. ఆ వరుస లేచిన వెంటనే తెర మధ్యలో పెద్దగా కనపడేటట్టు చిన్నాయన ఏర్పాటు చేశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ముని, తరువాత సున్నా చుట్టిన ఎ గుర్తు, తరువాత కపిల, చివర ఒక అంకె. ఊళ్లోవాళ్లు దాన్ని సెంటర్ బోర్డు అనుకునేవాళ్లు.

మా సెంటర్లో ఒక ఆచారం ఉండేది. ఎంత మంది ముందు వచ్చి నిలబడినా మొదట పోసేది అవ్వే. ఆమె కొట్టంలో కపిలను పిండి, ఇత్తడి చెంబు నిండా పాలు తెచ్చి కాటా మీది క్యాన్‌లో పోసేది. అది బోణీ. అవ్వ చెయ్యి పడితే ఆ పూట అందరికీ ఫ్యాట్ బాగా వస్తుందని నమ్మకం. కొట్టం ఇంటికి వెనక, వంటింటిని దాటి, గడ్డివామికి అవతల ఉంది. అయినా మిషన్ లేచి సిద్ధమయ్యే సమయానికి సరిగ్గా ఆమె చెంబుతో గదిలోకి వచ్చేది. అలవాటు చొప్పున సమయం తెలుసేమో అనుకునేవాణ్ణి. లేచేటప్పుడు ఆ గదిలో ఫ్యాను హోరు, ప్రింటర్ కీచు, పెట్టెలోంచి ఏవో కూతలు, క్యాన్ల మోత అన్నీ కలిసి ఉండేవి. నిద్రమత్తులో నేను వాటిని వేరుచేసి విన్నది లేదు.

నేను చిన్నాయనను ఒక జాయ్‌స్టిక్ కావాలని పీడించేవాణ్ణి. సెంటర్ మూసిన తరువాత ఆ కంప్యూటర్లో ఒక విమానం ఆట ఆడనిచ్చేవాడు. మీటలు నొక్కి ఆడితే విమానం ఎప్పుడూ కొండకు గుద్దుకునేది. "షాపులో ఒకటి వచ్చినాది. సాయంత్రం తెస్తా. దానికి కూడా కెర్నల్‌లో సాప పరిసినాలే" అని చెప్పి ఒకరోజు మోటార్ సైకిల్ మీద పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు పూతలపట్టు మలుపులో లారీ. సంచి మాత్రం చెక్కుచెదరకుండా ఇంటికి వచ్చింది. అందులో టిఫిన్ క్యారియర్, స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ కవర్లో జాయ్‌స్టిక్. దాన్ని ఎవరూ విప్పలేదు. నేనూ అడగలేదు.

సెంటర్ కొన్నాళ్లు మూతపడింది. అవ్వ కొట్టంలోనే ఉండేది. అన్నం అక్కడికే తీసుకుపోయేవాళ్లం, సగం దూడకు పోయేది. కడకు ఒక పొద్దున నాయన తాళం తీసి మిషన్ వేశాడు. కరెంటు సన్నగా ఉంది, లేస్తుందో లేదో అన్నట్టు లేచింది. తెర మీద ఆ వరుస పడింది. ఎవరూ పిలవకుండానే అవ్వ చెంబుతో గడప దగ్గర నిలబడి ఉంది. తెరను చూసింది.

"వచ్చినాడా?" అని అడిగింది.

నాయన తల వంచుకున్నాడు. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గనక తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చదివాను. "ముని, కపిల అని ఉండాదవ్వా."

"ఊ" అని, పాలు పోసింది. ఆ రోజు అన్నం తిన్నది.

అప్పటినుంచి అదే ఆ ఇంటి పొద్దు. "వచ్చినాడా?" "వచ్చినాడవ్వా." పాలు పోసేవాళ్లకు కూడా అలవాటైపోయింది. మొదట్లో కొంతమంది వెనక్కి తిరిగి చూసేవాళ్లు, ఎవరైనా నిలబడి ఉన్నారేమో అన్నట్టు. నాయనకు మాత్రం అది నచ్చలేదు. "మిషన్ మార్చేద్దాం. పోయినోడిని రోజూ వాకిట్లో నిలబెట్టినట్టుంది" అని అమ్మతో అనేవాడు, అవ్వ వినకుండా. మార్చలేదు. ఏళ్లు గడిచాయి. కపిల పోయింది, దాని దూడకు దూడ వచ్చింది, అవ్వ దాన్నీ కపిల అనే పిలిచింది. నేను తిరుపతిలో ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కు పోయాను. సెలవులకు వచ్చినప్పుడు పొద్దున్నే ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది నేనే.

నేను చివరి సంవత్సరంలో ఉండగా ఒక వాన సాయంత్రం మా కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. పెట్టెలో మదర్‌బోర్డు మాడిపోయింది, డిస్కు బతికింది. చిన్నాయన పనిచేసిన షాపు వాళ్లే ఇంకొక పాత బోర్డు ఇచ్చారు. నేను ఊరికి వచ్చి దాన్ని బిగించి, డిస్కు తగిలించి, మిషన్ వేశాను. చిన్నాయన పేరున్న వరుస తెర మీద తళుక్కుమని పైకి పోయింది. తరువాత ఇంకొన్ని వరుసలు. తరువాత ఆగిపోయింది. డిస్కు దొరకలేదు, ముందుకు పోలేను అని రాసి నిలిచిపోయింది. కారణం నాకు వెంటనే తెలిసింది. చిన్నాయన తన బోర్డులో ఉన్న డిస్కు భాగానికి తప్ప వేరే దేనికీ అవును పెట్టలేదు. కొత్త బోర్డు వేరే జాతిది. దానికి ఆయన చాప పరచలేదు.

పెట్టె బాగుచేస్తున్నానని తెలిసి అవ్వ చెంబు లేకుండానే వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. "వచ్చినాడా?"

"వచ్చి... ఆగిపోయినాడవ్వా."

"ఎందుకు ఆగినాడు?"

"ఇల్లు కొత్తది గదా. దోవ తెలీలేదు."

అవ్వ చాలాసేపు ఆ తెరను చూసి వెనక్కి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. డెయిరీ మనిషి వచ్చి, ఇంత అవస్థ దేనికి, తెర లేని చిన్న పెట్టె ఒకటి వస్తోంది, వచ్చే వారం బిగించి పోతాం, ఇది తీసేయండి అన్నాడు. నాయన సరే అన్నాడు. ఆ సరే వెనక ఎన్నేళ్ల మాట ఉందో నాకు తెలుసు. నేను డిస్కు పీకి సంచిలో వేసుకుని తిరుపతి బస్సెక్కాను.

హాస్టల్లో సొంత కంప్యూటర్ ఉన్నది నా రూమ్మేట్ బాషా దగ్గరే. మదనపల్లె వైపు వాడు. దేన్నైనా ఎగతాళి చేయకుండా ఒప్పుకునే రకం కాదు. డిస్కు వాడి మిషన్‌కు తగిలిస్తే చిన్నాయన కెర్నల్ కట్టుకున్న సరంజామా అంతా అలాగే ఉంది. లేచే కెర్నల్ సంఖ్య యాభై ఎనిమిది. కానీ లెక్క ఉండే చోట యాభై తొమ్మిది అని ఉంది. అంటే ఇంకొకటి కట్టి, ఒక్కసారి కూడా లేపకుండా వదిలేశాడు. ఆ ఆఖరిదానికి ఆయన చెప్పిన జవాబులు తెరిచి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. శబ్దం, కాదు. నెట్‌వర్క్, కాదు. కెమెరా, కాదు. ప్రింటర్, అవును. తీగలు తగిలించే కార్డు, అవును. జాయ్‌స్టిక్, అవును.

అక్కడ నా చెయ్యి ఆగింది.

"ఏమైందప్పా?" అన్నాడు బాషా.

"పాల సెంటర్లో జాయ్‌స్టిక్ పెట్టినాడు."

"మీ చిన్నాయన మంచోడేరా. పాలు పోసేవాళ్లు లైన్లో ఆడుకుంటారని పెట్టింటాడు."

వాడు నా ముఖం చూసి టీ తెస్తానని లేచిపోయాడు. మనిషి పోయి అన్నేళ్లకు ఆయన ఆలోచన వరుస తప్పకుండా నా ముందు ఉంది. ఎక్కడ ఆగాడో, దేన్ని నమ్మాడో, దేన్ని వద్దనుకున్నాడో అంతా ఉంది. ఫోటోలో ఉన్న మనిషి కంటే ఈ జవాబుల్లో ఉన్న మనిషి దగ్గరగా ఉన్నాడు. నేను కొత్త బోర్డు డిస్కు భాగానికి అవును పెట్టాను. జాయ్‌స్టిక్ ముట్టుకోలేదు. మాడిపోయిన పాత బోర్డుకు సంబంధించినవి తీసేశాను. మధ్యలో పెట్టెలోని బుల్లి స్పీకర్‌కు అవును అని కనిపించింది. శబ్దమే వద్దనుకున్న మిషన్‌లో ఇది ఎందుకు, మరిచిపోయి ఉంటాడు అనుకుని కాదు పెట్టాను. లేచేటప్పుడు వచ్చే కూతలు బోర్డు తనంతట తాను చేసేవని నా నమ్మకం. బోర్డు ఒకటి చేస్తుంది కూడా.

టీ గ్లాసులతో తిరిగి వచ్చిన బాషా ఒక సంగతి గుర్తుచేశాడు. "నా మిషన్లో కడ్తా ఉండావు సూడు. నా పేరు పడ్తాది. రేపట్నుంచి మీ అవ్వ పొద్దున్నే లేచి, బాషా వచ్చినాడా అనాల."

"అంటే అననీలే. టిఫిన్ కూడా పెడ్తాది."

"అట్లయితే సరే" అని గొంతు తగ్గించాడు. "పేరు మార్చొచ్చు కదప్పా. ఒక వరుస అంతే."

ఒక వరుసే. కానీ నేను దానికే ఎక్కువసేపు కూర్చున్నాను. చిన్నాయన కట్టనిదాని మీద ఆయన పేరు రాయడం అబద్ధం. రాయకపోతే అవ్వ అడిగినప్పుడు నేను చెప్పేది అబద్ధం. కడకు తెర మీది అబద్ధమే మేలనిపించింది. పేరు రాసే చోట ముని, కపిల అని చేత్తో పెట్టి కట్టాను. కట్టడం పూర్తయ్యాక, అలాంటి దిద్దుబాటు వదిలేయడం అలవాటు లేక, దాన్ని మళ్లీ తీసేసి మామూలుగా చేశాను. సంఖ్య అరవై.

మరుసటి రోజు తొలి బస్సుకే ఊరు చేరాను. డిస్కు బిగించేసరికి వాకిట్లో జనం ఉన్నారు. మిషన్ వేస్తే బోర్డు ఒక కూత కూసింది. వరుసలు పరుగెత్తాయి. ఎక్కడా ఆగకుండా లేచింది. తెర మధ్యలో పేరు పడింది. ఫ్యాట్ మిషన్ పలికింది, కాటా పలికింది, ప్రింటర్ పలికింది. నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన అలా వేయడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. నేను గడప వైపు చూస్తూ నిలబడ్డాను. అవ్వ రాలేదు.

"పోయండప్పా, ఎవురో ఒకరు పోయండి" అన్నాడు నాయన.

ఎవరూ కదల్లేదు. అందరికంటే ముందు నిలబడ్డ సుబ్బన్న క్యాన్ కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. "అవ్వ రాందే మేం పోస్తే ఫ్యాట్ నీళ్లకొచ్చినంత వస్తాది. ఆ నింద నాకెందుకన్నా."

నేను కొట్టానికి పోయాను. అవ్వ కపిల పక్కన రాయి మీద కూర్చుని ఉంది. పాలు పిండడం అయిపోయింది. చెంబు ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పుకుంది. నురగ అప్పటికే దిగిపోయింది.

"అవ్వా, మిషన్ లేచినాది. రా. చిన్నాయన పేరు కూడా పడినాది."

"ఇన్యానులే. ఒక కూత ఇనిపించింది."

"మరి రా."

"అది మిషన్ గొంతు" అంది అవ్వ. "వాడిది యాడ?"

ఆవు తోక నా చెయ్యికి తగిలింది.

"ముందు అది ఒగసారి కూస్తాది. కాసేపుండి వాడు మూడుసార్లు పిలుస్తాడు. అరిసి అరిసి గొంతు పోతా ఉండాది మా, కొట్టానికి ఈ కీచే ఇనిపిస్తాది, అని వాడే పెట్టినాడు గదరా. మా, మా, మా అని. నీకు తెలీదా?" అంది. నాకు నిజంగా తెలియదని నా ముఖంలో చూసి, కోపం లేకుండా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "పేరుంటే ఏముందిరా అబ్బోడా. పేరు గుడి గోడ మీద కూడా రాస్తారు. పిలిస్తే గదా నేను వచ్చేది."

నేను గదిలోకి తిరిగి వచ్చాను. జనంతో కాసేపు ఆగమని చెప్పాను. సుబ్బన్న బీడీ వెలిగించాడు. మిషన్‌లో పని చేయడానికి ఉన్న ఖాతా ఒకటే, చిన్నాయనది. ఆయన పేరుతోనే లోపలికి పోయి, బుల్లి స్పీకర్ దగ్గరకు వెళ్లి, కాదు అన్నదాన్ని అవును చేశాను. మారింది ఒక్కటే గనక మొత్తం మళ్లీ కట్టనక్కర్లేదు. అయినా ఆ వరుసలు పోతున్నంతసేపూ బయట దగ్గులు, క్యాన్ మూతల చప్పుడు, పాలు విరిగిపోతాయేమో అన్న గొణుగుడు నా వీపుకు తగులుతూ ఉన్నాయి. నాకోసం పెట్టినదాన్ని ఉంచి, ఆమెకోసం పెట్టినదాన్ని తీసేశాను అన్న లెక్క మాత్రమే నా తలలో తిరిగింది. ఈసారి పేరు గురించి ఏమీ చేయలేదు. చేయాలని గుర్తు కూడా రాలేదు.

మిషన్ ఆపి వేశాను. బోర్డు ఒకసారి కూసింది. వరుసలు పోయాయి. కాసేపు నిశ్శబ్దం. తరువాత ఒకటి, రెండు, మూడు. సన్నగా, ఒక్కోదాని మధ్య ఊపిరి పీల్చుకున్నంత ఎడం. పుట్టినప్పటినుంచి ఆ ఇంట్లో ఉండి దాన్ని నేను అప్పుడే మొదటిసారి విన్నాను. మా, మా, మా. సుబ్బన్న బీడీ కింద వేసి తొక్కి లేచి నిలబడ్డాడు. వంటింటిలోంచి అవ్వ అడుగుల చప్పుడు వినిపించింది. చెంబుతో వచ్చి, తెర వైపు చూడకుండానే పాలు పోసింది. ఆ రోజు నన్ను ఏమీ అడగలేదు. తెర మీద మాత్రం ముని, కపిల అనే ఉంది. ఆయన ఖాతాలోంచి, ఆయన పేరు పెట్టిన మిషన్ మీదే కట్టాను గనక అది దానంతట అదే రాసుకుంది. ఆ పూట ఫ్యాట్ అందరికీ బాగా వచ్చింది. అది అవ్వ చెయ్యి వల్ల అని నేను అనను. కాదని సుబ్బన్నతో వాదించనూ లేదు.

డెయిరీ వాళ్ల పెట్టె ఆ వారం రాలేదు. చాలా ఏళ్ల తరువాత అసలు సెంటరే కూడలికి తరలిపోయింది. అక్కడ పెద్ద స్టీలు ట్యాంకు ఉంది. పాలు పోసి ఇంటికి వచ్చేలోగా ఫ్యాట్ ఎంతో ఫోన్‌కు వస్తుంది. దాంట్లో ఒకటీ ఏడూ కలిసిపోవు, గొడవలు లేవు, ఎవరి కోసమూ ఎవరూ ఆగరు. నేను తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో ఇలాంటి పెట్టెలకే కెర్నల్‌లు కడతాను. నేను కట్టేవి ఎన్నో రెట్లు త్వరగా లేస్తాయి. అవి లేచినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు.

సెంటర్ పోయినా ముందుగదిలో మిషన్ పోలేదు. కాటా లేదు, జనం లేరు. నాయన రోజూ పొద్దున దాన్ని వేసేవాడు. మూడు కూతలు కూసేది. అవ్వ చెంబుతో వచ్చి, క్యాన్ ఉండే చోట పెట్టిన గిన్నెలో పాలు పోసి పోయేది. ఒకప్పుడు దాన్ని తీసేద్దామన్న నాయనే కరెంటు లేని రోజు అది వచ్చేదాకా స్విచ్ దగ్గర కూర్చునేవాడని అమ్మ చెప్పింది. ఈ ఏడు అవ్వ పోయింది. కర్మలన్నీ అయిపోయి మేము తిరుపతి వచ్చేసిన తరువాత ఒక పొద్దున నాయన ఫోన్ చేశాడు.

"అలవాటుకొద్దీ వేసినాను రా. పిలిచినాడు" అన్నాడు. "ఏం చెప్పాల్నో తెలీలేదు. ఆపేసినా." మరుసటి వారం సామాన్ల మనిషిని పిలిపించాడు.

డిస్కు నా బల్ల మీద నెల పైగా ఉంది. నిన్న ఆదివారం పొద్దున దాన్ని నా లాప్‌టాప్‌లోకి దింపుకున్నాను. లాప్‌టాప్ లోపల పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దానికి మాడిపోయిన ఆ బోర్డు లక్షణాలు ఒక్కొక్కటే చెప్పాను: అంత మెమరీ, ఆ రకం డిస్కు భాగం, బుల్లి స్పీకర్, జాయ్‌స్టిక్. కవర్ విప్పి అసలు జాయ్‌స్టిక్‌ను పక్కన పెట్టుకున్నాను. దాని తీగ ఇప్పటి మిషన్లకు తగలదు, ఊరికే పెట్టుకున్నాను. తరువాత నేను కట్టినవి రెండూ వదిలేసి, అన్నేళ్లు రోజూ లేచిన యాభై ఎనిమిదినీ వదిలేసి, చిన్నాయన ఆ రోజు కట్టి చిత్తూరుకు పోయిన ఆఖరిదాన్ని ఎంచుకున్నాను. అది లేస్తుందో లేదో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా.

వరుసలు పోయాయి. డిస్కు దొరికింది. కార్డు లేదని చెప్పి ముందుకు పోయింది. జాయ్‌స్టిక్ ఉంది అని ఒక వరుస రాసింది. పేరు పడింది. కాసేపు నిశ్శబ్దం. తరువాత లాప్‌టాప్‌లోంచి మూడు కూతలు, ఊపిరి పీల్చుకున్నంత ఎడంతో.

వంటింట్లోంచి సుమతి వచ్చింది. చేతిలో కత్తిరించిన పాల ప్యాకెట్ ఉంది.

"పిలిచినావా?" అంది.

"నేను కాదు" అన్నాను.

ఆమె తెర వైపు చూసింది. అందులో పేరు ముని, మిషన్ కపిల, సంఖ్య యాభై తొమ్మిది.